పాడైపోతున్న హార్డ్ డిస్కులో ఉండిపోయిన విండోస్ బూట్ ఫైళ్లను ఎస్‌ఎస్‌డీలోకి తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: అచ్చుయంత్రం

అందరికీ నమస్కారం. తెనాలిలో మాకు ఒక చిన్న డీటీపీ కేంద్రం ఉంది. అక్కడి డెస్క్‌టాప్‌లో మొదటినుంచీ ఉన్నది 1 టీబీ హార్డ్ డిస్కు. వేగం కోసం తరువాత 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి అమర్చి, విండోస్ 10ను అందులోకి కొత్తగా ఎక్కించారు. ఎక్కించిన టెక్నీషియన్ పాత డిస్కు కేబుల్ తీయకుండానే పని ముగించారు. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేకపోవడంతో ఆ సంగతి ఎవరమూ పట్టించుకోలేదు.

ఇప్పుడు పాత డిస్కు పాడవుతోంది. కంప్యూటర్ ఆన్ చేస్తే మదర్‌బోర్డు లోగో దగ్గరే చాలాసేపు ఆగిపోతోంది, లోపలినుంచి గోటితో రేకును గీకినట్టు చప్పుడు వస్తోంది, డీ డ్రైవ్‌లో ఏదైనా ఫోల్డర్ తెరిస్తే తెర మొత్తం బిగుసుకుపోతోంది. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో ఆ డిస్కు పసుపు రంగులో ‘కాషన్’ అని కనిపిస్తోంది. 05, సీ5 అనే వరుసల్లోని అంకెలు రోజురోజుకూ పెరుగుతున్నాయి. పాత పెళ్లి కార్డుల ఫైళ్లు, కస్టమర్ల స్కాన్ కాపీలు అన్నీ బయటి డ్రైవ్‌లోకి ఇప్పటికే కాపీ చేసుకున్నాను కాబట్టి డేటా గురించి బెంగ లేదు.

బెంగంతా బూట్ గురించే, అంటే ఆన్ చేయగానే విండోస్ మొదలవడం గురించే. పాత డిస్కు కేబుల్ ఊడదీసి ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని వచ్చి ఆగిపోతోంది. కేబుల్ మళ్లీ పెడితే విండోస్ మామూలుగానే వస్తోంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే డిస్క్ 0, అంటే పాత హార్డ్ డిస్కులో, 499 ఎంబీ రికవరీ పార్టిషన్, 100 ఎంబీ ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’, ఆ పక్కన డీ, ఈ డ్రైవ్‌లు ఉన్నాయి. డిస్క్ 1, అంటే ఎస్‌ఎస్‌డీలో, సీ డ్రైవ్ ఒక్కటే ఉంది. దాని కింద ‘బూట్, పేజ్ ఫైల్, క్రాష్ డంప్’ అని రాసి ఉంది. బూట్ అని అక్కడ రాసి ఉండగా పాత డిస్కు లేకపోతే ఎందుకు బూట్ అవడం లేదో నాకు అర్థం కాలేదు.

విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించమని కొందరు, పాత డిస్కును క్లోన్ చేయమని (ఉన్నదున్నట్టు నకలు తీయమని) కొందరు సలహా ఇస్తున్నారు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్లు, ప్రింటర్ల డ్రైవర్లు అన్నీ మళ్లీ కుదుర్చుకోవడం ముహూర్తాల సీజన్‌లో మా వల్ల అయ్యే పని కాదు. సీ డ్రైవ్‌ను కదపకుండా ఆ బూట్ ఫైళ్లను మాత్రం ఎస్‌ఎస్‌డీలోకి మార్చే మార్గం ఉంటే దయచేసి వివరించగలరు.

జవాబు: బూట్‌లోడర్

అచ్చుయంత్రం గారూ, మీకు విండోస్ మళ్లీ ఎక్కించే అవసరం లేదు, క్లోన్ చేసే అవసరం అంతకన్నా లేదు. నిజానికి బూట్ ఫైళ్లను ‘మార్చే’ అవసరం కూడా లేదు. పాత డిస్కులోని 100 ఎంబీ పార్టిషన్‌లో ఉన్నవాటికి అసలు ప్రతులు మీ సీ డ్రైవ్‌లోనే, విండోస్ ఫోల్డర్ లోపల ‘బూట్’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. విండోస్‌తో పాటే వచ్చే బీసీడీబూట్ అనే కమాండ్ ఆ ప్రతులను తీసుకుని, మనం చెప్పిన చోట బూట్ పార్టిషన్‌ను కొత్తగా తయారు చేస్తుంది. అంటే పాడైపోతున్న డిస్కునుంచి ఒక్క బైటు కూడా చదవనక్కరలేదు. రేపు ఆ డిస్కు పూర్తిగా ఆగిపోయినా, విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఇదే పని చేసుకోవచ్చు కాబట్టి కంగారు పడకండి.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లోని పేర్లు అందరినీ తికమక పెడతాయి. కంప్యూటర్ మొట్టమొదట ఏ పార్టిషన్‌ను వెతుక్కుంటుందో దానికి విండోస్ ‘సిస్టమ్’ అని పేరు పెట్టింది; విండోస్ ఫోల్డర్ ఉన్నదాన్ని ‘బూట్’ అంటుంది. మీ ఎస్‌ఎస్‌డీలో రెండోది ఉంది, మొదటిది లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మరో డిస్కులో ఈఎఫ్ఐ పార్టిషన్ అప్పటికే కనబడితే విండోస్ సెటప్ కొత్తది చేయకుండా దాన్నే వాడుకుంటుంది. అందువల్లనే, కొత్త డిస్కులో విండోస్ ఎక్కించేటప్పుడు మిగతా డిస్కుల కేబుళ్లు తీసి ఉంచాలని అంటారు.

ఇక పని. మొదట రన్ బాక్సులో ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టి ‘బయోస్ మోడ్’ దగ్గర యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉందో లెగసీ (పాత పద్ధతి) అని ఉందో చూడండి. ఈఎఫ్ఐ పార్టిషన్ ఉందన్నారు కాబట్టి యూఈఎఫ్ఐ అయివుంటుంది, అయినా చూసుకోవాలి. తరువాత సీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసినట్టు రక్షణ ఇచ్చే విండోస్ సదుపాయం) ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఎక్కడైనా కాగితం మీద రాసుకుని, కంట్రోల్ ప్యానెల్‌లో ‘సస్పెండ్ ప్రొటెక్షన్’ చేశాకే ముందుకు వెళ్లండి. బూట్ ఫైళ్లు మారిన సంగతి బిట్‌లాకర్ పసిగట్టి ఆ కీ అడుగుతుంది. కీ లేకపోతే సీ డ్రైవ్ మీద ఆశ వదులుకోవలసిందే.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలలోనే కొట్టాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచి, డిస్క్‌పార్ట్ అని కొట్టండి. లిస్ట్ డిస్క్ అంటే రెండు డిస్కులూ కనిపిస్తాయి. వరుస సంఖ్యను నమ్మకుండా సైజును బట్టి ఎస్‌ఎస్‌డీని గుర్తుపట్టండి, ఎందుకంటే ఇక్కడ అంకె తప్పితే సర్దుకునే అవకాశం ఉండదు. ఎస్‌ఎస్‌డీ వరుసలో జీపీటీ (యూఈఎఫ్ఐతో వాడే డిస్కు విభజన పద్ధతి) గడి కింద నక్షత్రం గుర్తు ఉండాలి. తరువాత సెలెక్ట్ వాల్యూమ్ సీ అని సీ డ్రైవ్‌ను ఎంచుకుని, ష్రింక్ డిజైర్డ్=300 అని కొడితే సీ డ్రైవ్ చివర 300 ఎంబీ ఖాళీ స్థలం విడివడుతుంది. ఇందులో మీ ఫైళ్లకు ఏమీ కాదు. జరపడానికి వీల్లేని ఫైళ్లు అడ్డుపడి ష్రింక్ కాకపోతే, పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ అనే కమాండ్‌తో హైబర్నేషన్ ఆపి, మళ్లీ ప్రయత్నించండి.

స్థలం వచ్చాక సెలెక్ట్ డిస్క్ 1 (మీ ఎస్‌ఎస్‌డీ సంఖ్య ఏదైతే అది), ఆపైన క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=260, ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32, అసైన్ లెటర్=ఎస్, చివరగా ఎగ్జిట్. మామూలుగా 100 ఎంబీ చాలు. కానీ 4కే సెక్టార్ల డిస్కులలో ఫ్యాట్32కు కనీసం 260 ఎంబీ కావాలి, పైగా మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ల వంటివి కూడా ఒక్కోసారి ఆ పార్టిషన్‌లోనే చేరుతుంటాయి కాబట్టి నేను ఎప్పుడూ 260 కన్నా తగ్గించను. ఫార్మాట్ ఫ్యాట్32లోనే ఉండాలి. ఎన్‌టీఎఫ్ఎస్ చేస్తే ఫర్మ్‌వేర్ దాన్ని చదవదు.

ఇప్పుడు అసలు కమాండ్: బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ. ‘బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్’ అని ఒక్క వాక్యం వస్తే పని సగం అయినట్టే.

సగం అనడానికి కారణం ఉంది. /ఎస్ అని పార్టిషన్‌ను మనమే చూపించినప్పుడు, బీసీడీబూట్ ఫైళ్లను పెడుతుంది గానీ మదర్‌బోర్డు జ్ఞాపకంలో ‘విండోస్ బూట్ మేనేజర్’ అనే నమోదును చేయదని మైక్రోసాఫ్ట్ పత్రాలలోనే ఉంది. అప్పుడు ఫర్మ్‌వేర్ తనంతట తాను కొత్త పార్టిషన్‌లో ఈఎఫ్ఐ\బూట్ ఫోల్డర్‌లోని బూట్ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైలును వెతుక్కుని నడుపుతుంది. ఆ ఫైలును బీసీడీబూట్ పెట్టే ఉంటుంది కాబట్టి చాలా మదర్‌బోర్డులలో ఇబ్బంది రాదు. కంప్యూటర్‌ను షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ చేయండి, అప్పుడే ఫాస్ట్ స్టార్టప్ లేకుండా పూర్తిగా ఆగుతుంది. కరెంటు తీగ తీసి, పాత డిస్కు శాటా కేబుల్ ఊడదీసి, ఆన్ చేయగానే డిలీట్ మీటో ఎఫ్2నో నొక్కి సెటప్‌లోకి వెళ్లి, బూట్ వరుసలో ఎస్‌ఎస్‌డీని పైన పెట్టండి. కొన్ని బోర్డులలో అది ‘యూఈఎఫ్ఐ ఓఎస్’ అనే పేరుతో కనబడుతుంది. విండోస్ వచ్చాక, పాత డిస్కు లేకుండానే, బీసీడీబూట్ సీ:\విండోస్ అని, /ఎస్ లేకుండా, మరోసారి కొట్టండి. ఆ నమోదు అప్పుడు పడుతుంది.

పాత డిస్కులోని 100 ఎంబీ పార్టిషన్‌ను ముందుగానే చెరిపేయవద్దు. కొత్త దారిలో విండోస్ రాకపోతే కేబుల్ మళ్లీ పెట్టి ఎప్పటిలా పని చేసుకునే వీలు అదొక్కటే.

జవాబు: కాకినాడ వైర్లు

బూట్‌లోడర్ గారు చెప్పిన పద్ధతే సరైనది. దానికి ముందు చూడవలసినవి కొన్ని మిగిలాయి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05 అంటే పాడైన సెక్టార్ల బదులు డిస్కు తన దగ్గరున్న అదనపు సెక్టార్లను వాడుకున్న లెక్క. సీ5 అంటే చదవలేక, ఏం చేయాలో తేల్చుకోలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క. సీ6 అంటే ఇక సరిచేయలేనివాటి లెక్క. ఇవి పెరుగుతున్నాయంటే డిస్కు పోతున్నట్టే. సీ7 ఒక్కటే పెరుగుతూ మిగతావి సున్నాలో ఉంటే మాత్రం తప్పు డిస్కుది కాదు, శాటా కేబుల్‌ది. కేబుల్ మారిస్తే సరిపోయేదానికి మంచి డిస్కును పారేసినవాళ్లు నాకు తెలుసు. మీ లక్షణాలలో చప్పుడు కూడా ఉంది కాబట్టి మీది కేబుల్ కథ కాదు. ఈ అంకెలు హెక్సాలో (పదికి బదులు పదహారు ఆధారంగా సాగే లెక్కలో) కనిపిస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి. 10 అని ఉంటే అది పదహారు.

ఎవరైనా చెక్‌డిస్క్ /ఆర్ నడిపితే డిస్కు బాగవుతుందని చెబితే వినవద్దు. అది డిస్కు మొత్తాన్ని సెక్టార్ సెక్టార్‌గా చదువుతుంది, పాడైనచోట పదే పదే తల బాదుకుంటుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకు ఆ శ్రమే చాలు. క్లోన్ సలహాకూ ఇదే అభ్యంతరం: మీకు కావలసింది 100 ఎంబీ కూడా లేనప్పుడు 1 టీబీని ఎందుకు చదివించాలి?

డిస్కును శాశ్వతంగా తీసే ముందు మరో సంగతి చూసుకోండి. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను కొందరు డీ డ్రైవ్‌కు మళ్లించి ఉంటారు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ చూస్తే తెలుస్తుంది. మళ్లించి ఉంటే ముందే సీ డ్రైవ్‌కు తిప్పండి, లేకపోతే తరువాత డెస్క్‌టాప్ అంతా ఖాళీగా కనిపించి గుండె ఆగినంత పని అవుతుంది. డీటీపీ కేంద్రాలలో స్థలం కోసం సాఫ్ట్‌వేర్లను కూడా డీలో ఎక్కించడం మామూలే. షార్ట్‌కట్‌ల దారులు ఒకసారి చూడండి.

బయోస్ మోడ్ లెగసీ అని ఉన్న పాత కంప్యూటర్లవారు ఎవరైనా ఇది చదువుతుంటే, వారికి ఈఎఫ్ఐ పార్టిషన్ పనికిరాదు. ఎస్‌ఎస్‌డీ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండి, సీ డ్రైవ్ ప్రైమరీ పార్టిషన్ అయితే, వేరే పార్టిషన్ చేయకుండానే పని జరుగుతుంది: డిస్క్‌పార్ట్‌లో సీ డ్రైవ్ పార్టిషన్‌ను ఎంచుకుని యాక్టివ్ అని కొట్టి, బయటికి వచ్చి బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ సీ: /ఎఫ్ బయోస్ అనాలి. అప్పటికీ బూట్ కాకపోతే, ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లో బూట్ ఫోల్డర్‌లో ఉండే బూట్‌సెక్ట్‌తో, బూట్‌సెక్ట్ /ఎన్‌టీ60 సీ: /ఎంబీఆర్ అని కొడితే డిస్కు మొదటి సెక్టార్‌లోని కోడ్ కూడా పడుతుంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినప్పుడు డ్రైవ్ అక్షరాలు మారిపోయి ఉండవచ్చు కాబట్టి సీ అన్నది నిజంగా మీ సీ డ్రైవేనా అని ముందు డీఐఆర్ కొట్టి చూడండి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లెగసీ పద్ధతిలో ఉన్నవారు విండోస్ 11 వైపు వెళ్లాలనుకుంటే యూఈఎఫ్ఐ ఎలాగూ కావాలి. డేటా పోకుండా ఎంబీఆర్‌ను జీపీటీ చేసే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం విండోస్ 10, 1703 వెర్షన్‌నుంచి లోపలే ఉంది. అది వేరే చర్చ.

జవాబు: పెంగ్విన్ పక్షి

అచ్చుయంత్రం గారి దగ్గర లినక్స్ లేదనుకుంటాను. అయినా ఉబుంటు, విండోస్ రెండూ పెట్టుకున్నవారి కోసం ఒక్క మాట. బీసీడీబూట్ విండోస్ ఫైళ్లను మాత్రమే తయారు చేస్తుంది. ఉబుంటును మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రాం కూడా అదే పాత ఈఎఫ్ఐ పార్టిషన్‌లో, ఈఎఫ్ఐ\ఉబుంటు ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి డిస్కు తీయగానే అది పోతుంది. ఉబుంటు ఎస్‌ఎస్‌డీలోనే ఉంటే, కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్ యూయూఐడీని (గుర్తింపు సంఖ్యను) బీఎల్‌కేఐడీ కమాండ్‌తో తెలుసుకుని, ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో /బూట్/ఈఎఫ్ఐ వరుసలోని పాత యూయూఐడీ స్థానంలో దాన్ని రాసి, ఆ పార్టిషన్‌ను మౌంట్ చేసి, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. ఇదంతా పాత డిస్కు ఇంకా ఉబుంటును బూట్ చేస్తున్నప్పుడే చేసుకుంటే లైవ్ పెన్‌డ్రైవ్ అవసరం ఉండదు.

డేటా కాపీ చేసుకోని వారెవరైనా ఉంటే, ఎక్స్‌ప్లోరర్‌తో లాగి పడేసే కన్నా లైవ్ లినక్స్ (పెన్‌డ్రైవ్‌మీదే నడిచే లినక్స్) నుంచి డీడీరెస్క్యూ అనే సాధనం వాడడం మేలు. అది మొదట సులభంగా వచ్చే భాగాలన్నీ చదివేసి, మొండికేసే భాగాలను చివరకు వాయిదా వేస్తుంది. ఎంతవరకు చదివిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటినుంచే మొదలుపెట్టవచ్చు.

తిరుగు ప్రశ్న: అచ్చుయంత్రం

ముగ్గురికీ ధన్యవాదాలు. బీసీడీబూట్ వరకు అన్నీ చెప్పినట్టే జరిగాయి. కేబుల్ తీయకముందు కుతూహలంతో బయోస్ సెటప్‌లో చూస్తే, ‘విండోస్ బూట్ మేనేజర్’ అని ఒకటి, ఎస్‌ఎస్‌డీ పేరుతో ఇంకొకటి కనిపించాయి. పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పేరున్నదాన్ని పైన పెడితే విండోస్ వచ్చింది. లోగో దగ్గర ఆగడం కూడా పోయింది. /ఎస్ లేకుండా రెండోసారి కొట్టాక పేరు సరిగ్గానే పడింది.

మిగిలింది ఒకే సందేహం. డిస్క్ 0లోని 499 ఎంబీ రికవరీ పార్టిషన్ గురించి ఎవరూ చెప్పలేదు. డిస్కు తీయకముందు, రికవరీ ఎక్కడుందో చూపే రీఏజెంట్‌సీ /ఇన్ఫో కమాండ్ కొడితే దారిలో హార్డ్‌డిస్క్0, పార్టిషన్1 అని వచ్చింది. ఇప్పుడు డిస్కు లేదు కాబట్టి రికవరీ పనిచేయదనుకోవాలా? అలాగే ఆ పాత డిస్కును ఏం చేయమంటారు? అందులో కస్టమర్ల ఆధార్ స్కాన్లు చాలా ఉన్నాయి.

జవాబు: బూట్‌లోడర్

సంతోషం. రికవరీ గురించి మీ అనుమానం నిజమే. మొదటి జవాబులోనే రాయవలసిన విషయం. పాత డిస్కు ఇంకా కాస్త చదవగలిగే స్థితిలో ఉంటే దాన్ని ఒక్కసారి మళ్లీ కలిపి, బూట్ మాత్రం ఎస్‌ఎస్‌డీనుంచే చేసి, అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో రీఏజెంట్‌సీ /డిజేబుల్ అని కొట్టండి. అప్పుడు రికవరీ సాధనాలుండే విన్‌ఆర్ఈ.విమ్ అనే ఫైలు సీ డ్రైవ్‌లో విండోస్\సిస్టమ్32\రికవరీ ఫోల్డర్‌లోకి వస్తుంది. అది దాచిన ఫైలు కాబట్టి చూడాలంటే డీఐఆర్ /ఏ అని కొట్టండి. వందల ఎంబీలలో ఉంటుంది. వచ్చిందని నిర్ధారించుకున్నాక డిస్కు తీసేసి, రీఏజెంట్‌సీ /ఎనేబుల్ అంటే రికవరీ ఎస్‌ఎస్‌డీలోనే స్థిరపడుతుంది. రీఏజెంట్‌సీ /ఇన్ఫోలో ‘ఎనేబుల్డ్’ అని వచ్చి, దారి ఎస్‌ఎస్‌డీ వైపు చూపిస్తే చాలు. పాత డిస్కు ఆ ఫైలును ఇవ్వకపోతే పట్టుబట్టకండి. మీ విండోస్ వెర్షన్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ ఒకటి సొరుగులో ఉంటే రికవరీ చేసే పనులన్నీ దానితోనే జరుగుతాయి.

బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి ఉంటే ఇప్పుడు తిరిగి ‘రిజ్యూమ్’ చేయండి.

పాత డిస్కు విషయానికి వస్తే, దాన్ని బ్యాకప్‌కు గానీ, సినిమాలు దాచుకోవడానికి గానీ వాడవద్దు, సెకండ్‌హ్యాండ్‌లో అమ్మవద్దు. ఫార్మాట్ చేసినంత మాత్రాన ఆధార్ స్కాన్లు పోవు. క్విక్ ఫార్మాట్ పట్టికను మాత్రమే చెరుపుతుంది. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ ఆల్ అనే కమాండ్ డిస్కు మొత్తం మీద సున్నాలు రాస్తుంది, 1 టీబీకి కొన్ని గంటలు పడుతుంది. కానీ పాడైన డిస్కులో అది మధ్యలోనే లోపం చూపి ఆగిపోవచ్చు. డిస్కు పక్కన పెట్టేసిన పాత సెక్టార్లను అది ఎటూ తాకలేదు. వారంటీ మిగిలి ఉన్నా, కస్టమర్ల కాగితాలున్న డిస్కును వెనక్కి పంపి కొత్తది తెచ్చుకోవడం నా ఉద్దేశంలో లాభసాటి బేరం కాదు.

ఎస్‌ఎస్‌డీనుంచి రెండు మూడు వారాలు ఇబ్బంది లేకుండా నడిచాక, డిస్కు మీది స్టార్ స్క్రూలు విప్పి మూత తీయించండి. 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్కుల లోపలి పళ్లేలు చాలావరకు అల్యూమినియంవే. డ్రిల్లింగ్ మెషీన్‌తో వాటికి మూడు నాలుగు చోట్ల రంధ్రాలు పెట్టించి, మిగిలినదాన్ని ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చేయండి. ల్యాప్‌టాప్ డిస్కులలో పళ్లేలు ఎక్కువగా గాజువి, డ్రిల్ తగలగానే చిట్లి కంట్లో పడతాయి. అలాంటిదైతే మూత తీయకుండానే గుడ్డలో చుట్టి సుత్తితో పగలగొట్టించడం మంచిది.